ఎవరి బాధకు ఎవరు బాధ్యులు?

బోయి భీమన్న స్మారకోపన్యాస పాఠం

అనేక కులాలు, మతాలు, వృత్తులు ఒకే కాలువ కింద, ఒకే బజారు చుట్టూ బతికే సమాజంలో వివక్ష గురించిన చర్చ మొదలైన కొద్దిసేపటికే దారి తప్పుతుంది. అన్యాయం జరిగిందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం వెతకకముందే ఎవరిని నిందించాలి, ఎవరిని బాధితులుగా ఒప్పుకోవాలి అన్న వాదులాట ముందుకు వస్తుంది, ఆ వాదులాటలో అసలు అన్యాయం మరుగున పడుతుంది. అందువల్ల ఈ ఉపన్యాసంలో వాడబోయే మూడు మాటలకు మొదటే హద్దులు చెప్పుకోవడం అవసరం. పుట్టుక కారణంగా ఒక మనిషికి గౌరవమో అవకాశమో న్యాయమో తక్కువగా అందేలా చేసే ప్రవర్తన గాని, ఏర్పాటు గాని వివక్ష. ఆ పుట్టుకను ఒంటి రంగుతో, ముఖ కవళికలతో, దేశంతో గుర్తించినప్పుడు దానిని జాతి వివక్ష అనీ, వంశపారంపర్యంగా అంటగట్టిన కులంతో గుర్తించినప్పుడు కుల వివక్ష అనీ అంటారు. నింద అంటే జరిగిన పనికి చేసినవారిని దోషులుగా నిలబెట్టడం. బాధితత్వం అంటే జరిగిన హానికి గుర్తింపును, పరిహారాన్ని కోరగల స్థానం. ఈ మూడింటి మధ్య ఉన్న సంబంధాన్ని పుస్తకాలలో కంటే స్పష్టంగా చూపించే ఘటన 2022 మే నెలలో కోనసీమలోని అమలాపురంలో జరిగింది కనుక, ఈ విచారణకు కోనసీమే ఆధారం.

ఈ ప్రసంగం ఎవరి స్మృతికి సమర్పితమో ఆ బోయి భీమన్న 1911లో మామిడికుదురులో పుట్టారు. పెద్ద కమతంలో పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకుని అధికారి అయ్యే కథను ‘పాలేరు’ నాటకంగా రాసి, గోదావరి జిల్లాల రంగస్థలం మీద దళితుణ్ణి కథానాయకుడిగా నిలిపారు. ‘గుడిసెలు కాలిపోతున్నాయి’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. బాధను చూపించడంతో ఆగక, ఆ బాధలోంచి బయటపడిన మనిషిని కూడా చూపించడం ఆయన రచనలోని బలం. దళితుడు బాధితుడిగా ఉన్నంతకాలం జాలిపడే సమాజం, అతడు సమానుడిగా ఎదురుగా నిలబడ్డప్పుడు ఎలా ప్రవర్తిస్తుందన్నది ఆయన కాలానికి ఎంత అవసరమైన ప్రశ్నో ఈ కాలానికీ అంతే అవసరమైన ప్రశ్న.

తెలుగు నేల మీద ఈ చర్చ కొత్తది కాదు. 1920ల ఆరంభంలో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనం’ అని పాడి జైలుకు వెళ్లినప్పుడు, రాజమహేంద్రవరానికి చెందిన దళిత వైద్యుడు, కవి, పత్రికా సంపాదకుడు కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ అని బదులు రాశారు. ఆ బదులులో స్వాతంత్ర్యోద్యమం పట్ల ద్వేషం లేదు. తెల్లవాడి చేతిలో అవమానం పొందుతున్నవాడు తన ఊరి పేటలో మరొకరిని అవమానిస్తున్నాడని, మొదటి అవమానాన్ని నిజమని ఒప్పుకునే న్యాయబుద్ధి రెండో అవమానాన్ని కూడా నిజమని ఒప్పుకోవాలని అందులోని వాదం. ఒకే మనిషి ఒక సంబంధంలో బాధితుడు, మరో సంబంధంలో బాధకుడు కాగలడన్న ఈ గ్రహింపు వందేళ్ల కిందటే గోదావరి ఒడ్డున తెలుగులో నమోదైంది. తరవాత వచ్చిన సిద్ధాంతాలు చాలావరకు దీనికి వ్యాఖ్యానాలే.

కులం జాతి వంటిదా కాదా అన్న ప్రశ్నను ఇక్కడ క్లుప్తంగా తేల్చుకోవచ్చు. 2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 వరకు దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్షకు వ్యతిరేకంగా మహాసభ నిర్వహించినప్పుడు, కుల వివక్షను కూడా ఆ సభ చర్చించాలని దళిత మానవ హక్కుల సంఘాలు కోరగా, కులం భారతదేశపు అంతర్గత విషయమని, జాతితో దానికి సంబంధం లేదని భారత ప్రభుత్వం వాదించింది. సామాజిక శాస్త్రవేత్త ఆంద్రే బెతే కూడా రెంటినీ కలపడం శాస్త్రీయం కాదని అభ్యంతరం తెలిపారు. మరుసటి సంవత్సరం జాతి వివక్ష నిర్మూలన సమితి తన 29వ సాధారణ సిఫారసులో, ‘వంశం’ ఆధారంగా చూపే వివక్షలో కులమూ చేరుతుందని స్పష్టం చేసింది. కులానికి జాతి మూలం లేదని 1936లో ‘కులనిర్మూలన’లోనూ, 1948లో అస్పృశ్యుల చరిత్ర గురించిన గ్రంథంలోనూ గట్టిగా వాదించిన అంబేడ్కరే, 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డూబాయిస్‌కు ఉత్తరం రాసి, నీగ్రోలు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతిని అడిగారు. మూలాలు వేరైనా గాయం ఒకే తీరుదని, మందు కలిసి వెతకవచ్చునని ఆయన భావించినట్టు ఆ ఉత్తరం తెలుపుతుంది. ఈ ఉపన్యాసానికి ఆ మాత్రం పోలిక చాలు.

జాతి వివక్ష అనుభవం కోనసీమకు పరాయిది కాదన్న సంగతి మీద కొంతసేపు నిలవాలి, ఎందుకంటే తర్వాతి వాదానికి పునాది అదే. గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోటికి దాపున ఉన్న కోరంగి రేవు నుంచి, తరవాత కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు బర్మాకు వెళ్లారు. ఆ రేవు పేరు మీదుగానే అక్కడి తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు, ఆ పిలుపులో చిన్నచూపు ఉండేది. రంగూన్ రేవులో సరుకులు దించి ఎక్కించే పని చాలావరకు తెలుగువారిది. 1930 మేలో వారు కూలి పెంపు కోసం సమ్మె కట్టగా, ఓడల యజమానులు సమ్మెను దెబ్బ తీయడానికి బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టారు. సమ్మె తీరి తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే యజమానులు బర్మా కూలీలను పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట నగరమంతటా పాకి కొద్ది రోజుల్లో వందమందికి పైగా ప్రాణాలు తీసింది, చనిపోయినవారిలో అత్యధికులు భారతీయ కూలీలు.

ఆ ఘటనలో నింద ప్రయాణించిన దారిని జాగ్రత్తగా గమనించాలి. బర్మా కూలీకి జరిగిన అన్యాయం అబద్ధం కాదు: అవసరానికి పిలిచి, అవసరం తీరాక తరిమేశారు. అయితే ఆ పని చేసిన ఓడల యజమాని గాని, ఆ ఏర్పాటును కాపాడుతున్న వలస ప్రభుత్వం గాని అతనికి అందుబాటులో లేవు. అందుబాటులో ఉన్నవాడు తనలాగే బస్తాలు మోసే కోరంగి కూలీ. నిజమైన బాధ, తప్పు చిరునామాకు చేరిన నింద కలిసినప్పుడు హత్యాకాండ పుడుతుందని, అధికారం ఉన్నచోటు నుంచి బలం లేనిచోటికి నింద పల్లానికి నీరు పారినట్టు జారుతుందని రంగూన్ రేవు చూపింది. కాకినాడ, కోరంగి, అమలాపురం ప్రాంతాల పాఠశాలల్లో ఈ చరిత్ర బోధించకపోవడం పెద్ద లోపం.

బర్మా వలస ఆగాక గల్ఫ్ వలస వచ్చింది. రాజోలు, మలికిపురం, అమలాపురం ప్రాంతాల పేటల నుంచి, లంక గ్రామాల నుంచి ఆడవారు కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఇంటిపనికి వెళ్లి పిల్లలను చదివించారు, పెంకుటిళ్ల స్థానంలో డాబాలు కట్టించారు. అక్కడ అమలయ్యే కఫాలా పద్ధతి, అంటే వీసా ఇప్పించిన యజమాని అనుమతి లేకుండా పనిమనిషి ఉద్యోగం మారడానికి గాని, కొన్ని సందర్భాల్లో దేశం విడిచి వెళ్లడానికి గాని వీలులేని ఏర్పాటు, వారిని ఎంత నిస్సహాయ స్థితిలో ఉంచుతుందో ఆ కుటుంబాలకు తెలుసు. అమెరికాలో 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రపు ఒలేతే పట్టణంలో హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక తెలుగు ఇంజినీరును, మా దేశం నుంచి పొమ్మంటూ ఒక తెల్లవాడు కాల్చి చంపినప్పుడు తెలుగు రాష్ట్రాలు రెండూ కదిలిపోయాయి. అదే అమెరికాలో సియాటిల్ నగర మండలి 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధిస్తూ శాసనం చేసినప్పుడు, అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ అటువంటి బిల్లును ఆమోదించినప్పుడు మాత్రం, అది తమను వేలెత్తి చూపే చట్టమని భారతీయ ప్రవాసులలో గణనీయమైన వర్గం వ్యతిరేకించింది. ఇప్పటికే ఉన్న చట్టాలు ఈ వివక్షను నిషేధిస్తున్నాయన్న కారణంతో 2023 అక్టోబరులో గవర్నరు కాలిఫోర్నియా బిల్లును తిరస్కరించారు. రంగు కారణంగా చూపే వివక్ష నుంచి రక్షణ కోరే సమాజం, కులం కారణంగా చూపే వివక్ష నుంచి రక్షణ కోరేవారిని అపనింద వేస్తున్నవారిగా చూడడం కుసుమ ధర్మన్న వేసిన ప్రశ్న ఇంకా జవాబు లేకుండా ఉందనడానికి సాక్ష్యం.

ఇక అమలాపురం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తూర్పు గోదావరి నుంచి విడివడిన కోనసీమ జిల్లాకు అమలాపురం కేంద్రమైంది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు కోరాయి, ప్రధాన రాజకీయ పక్షాల నాయకులు ఆ కోరికను బలపరిచారు. మే 18న ప్రభుత్వం ‘డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా’గా పేరు మార్చే ప్రాథమిక ప్రకటన వెలువరించి, అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు ఇచ్చింది. మే 24న, ఆ గడువులో వారం కూడా గడవకముందే, ‘కోనసీమ’ పేరునే ఉంచాలన్న నిరసన ప్రదర్శన అదుపు తప్పింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీశ్‌కుమార్ ఇంటికి నిప్పు పెట్టారు, బస్సులు తగలబెట్టారు, రాళ్ల దాడిలో ఇరవై మందికి పైగా పోలీసులు గాయపడ్డారు. 144వ సెక్షన్ విధించారు, రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిపివేశారు. జూన్ 24న మంత్రివర్గం కొత్త పేరును ఆమోదించింది, ఆగస్టులో తుది ప్రకటన వచ్చింది.

తగలబడిన ఇళ్లు ఎవరివో గుర్తుంచుకోవాలి. ఒకటి దళిత మంత్రిది, మరొకటి మత్స్యకార కులానికి చెందిన వెనుకబడిన తరగతుల శాసనసభ్యుడిది. ఈ వివాదాన్ని కేవలం రెండు కులాల తగాదాగా చెప్పే కథనాలు ఈ ఒక్క వాస్తవం ముందే నిలబడవు.

నిరసనకారుల వాదాన్ని న్యాయంగా వినాలి. కోనసీమ అన్నది తరతరాల పేరు, గోదావరి పాయలూ సముద్రమూ కలిసి గీసిన నేల పేరు, దానికి ముందు మరో పేరు చేర్చనక్కరలేదు అన్నది వారి బహిరంగ వాదం. ఈ అభిప్రాయం ఉండడం నేరం కాదు, దానిని వినడానికే ప్రభుత్వం గడువు ఇచ్చింది. కొందరు, ఈ నేల బిడ్డే అయిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టవచ్చని సూచించారు. లోక్‌సభకు తొలి దళిత సభాపతి అయి, 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన బాలయోగి పేరు యానాం, ఎదుర్లంకల మధ్య వంతెనకు ఉంది. అది కూడా చర్చకు తగిన సూచనే.

అయినా ఈ వాదానికి ఒక పరీక్ష పెట్టవలసి ఉంది. ప్రకాశం జిల్లా 1972లో ఆ పేరు పొందింది. నెల్లూరు 2008లో పొట్టి శ్రీరాములు పేరును, కడప 2010లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పేరును ధరించాయి. 2022 ఏప్రిల్‌లో అదే రోజున విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా, రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా వెలిశాయి. వీటిలో కొన్నింటి మీద అసంతృప్తి వచ్చింది, వినతిపత్రాలు వచ్చాయి, ధర్నాలు జరిగాయి. ఏ పేరు కారణంగానూ మంత్రి ఇల్లు కాలలేదు. స్థలనామం మీద ప్రేమే కారణమైతే ఆ ప్రేమ ఒక్క అంబేడ్కర్ పేరు దగ్గరే ఎందుకు అంత మండిందన్న ప్రశ్నకు మర్యాదకరమైన సమాధానం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మహారాష్ట్రలో 1978 జులై 27న మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానించినప్పుడు కూడా ‘ప్రాంతపు పేరు’ పేరుతోనే దళితవాడలు తగలబెట్టారు. మరాఠ్వాడా అన్న మాటను ఉంచుతూ దానికి ముందు అంబేడ్కర్ పేరు చేర్చడానికి 1994 జనవరి 14 దాకా, పదిహేనేళ్లకు పైగా పట్టింది. కోనసీమలోనూ ‘కోనసీమ’ అన్న మాట తొలగలేదు, పక్కన మరో పేరు చేరింది. తమ పేరు పోతుందన్న భయానికి ఆధారం లేదు. ఉన్నది పక్కన ఎవరు కూర్చుంటున్నారన్న అభ్యంతరం. ఇది కఠినమైన తీర్పుగా కనిపించవచ్చు గాని, పై వాస్తవాల నుంచి మరో తీర్పు తీయడం కష్టం.

ఇక్కడ హానికీ నొప్పికీ ఉన్న తేడా చెప్పుకోవాలి. హాని అంటే మనిషి ప్రాణానికో దేహానికో జీవికకో హక్కుకో కలిగిన నష్టం, దానిని బయటివారు కూడా చూసి లెక్క కట్టగలరు. నొప్పి అంటే తన స్థానం తగ్గిందని మనిషి పొందే అనుభూతి, అది అనుభవించేవారికి పూర్తిగా నిజమే. అయినా అనుభూతి నిజమైనంత మాత్రాన దానికి మరొకరు దోషి అయి తీరాలని లేదు. 2016 ఆగస్టులో అమలాపురంలో, చనిపోయిన ఆవు చర్మం ఒలుస్తున్న ఇద్దరు దళిత సోదరులను గోహత్య చేశారన్న నెపంతో కట్టి కొట్టడం హాని. జిల్లా పేరులో ఒక మహనీయుడి పేరు చేరడం వల్ల కొందరికి కలిగినది నొప్పి. ఈ రెంటినీ ఒకే తక్కెడలో వేసి ‘అందరూ బాధితులే’ అనడం పైకి ఉదారంగా వినిపించినా, అది మొదటివారి గాయాన్ని చెరిపివేసే మాట.

అయితే నొప్పిని ఎగతాళి చేయడం కూడా తప్పే, ఎందుకంటే కొన్నిసార్లు నొప్పి వెనుక వేరే హాని దాగి ఉంటుంది. కోనసీమలో అగ్రవర్ణమనిపించుకునే కుటుంబాల్లోనూ, వెనుకబడిన తరగతుల్లోనూ చిన్న రైతులు, కౌలు రైతులు ఎక్కువ. సాగు గిట్టుబాటు కాక 2011 ఖరీఫ్‌లో ఇక్కడి రైతులు పంట విరామం ప్రకటించి, పచ్చటి డెల్టాలో చేలను బీడు పెట్టినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. కొబ్బరి ధర పడిపోతే తోట యజమానికీ, దింపు కార్మికుడికీ, ఒలుపు కార్మికుడికీ దెబ్బ తగులుతుంది. చదివిన కొడుకుకు ఉద్యోగం లేదు. ఈ హానికి కారణాలు మద్దతు ధరలో, మార్కెట్లో, మురుగు కాలువల నిర్వహణలో, ప్రభుత్వ నియామకాల కొరతలో ఉన్నాయి. ఆ కారణాలు దూరంగా, ముఖం లేకుండా ఉంటాయి. పక్క పేటలో రిజర్వేషన్‌తో ఉద్యోగం తెచ్చుకున్న కుర్రవాడికి ముఖం ఉంది, అతని మోటారు సైకిలు రోజూ వీధిలో కనిపిస్తుంది. రంగూన్ రేవులో బర్మా కూలీ చేసిన పొరపాటే ఇక్కడా జరుగుతోంది, ఆ పొరపాటును ప్రోత్సహించేవారికి అందులో రాజకీయ లాభం ఉంది.

నింద విషయంలో జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లో ప్రచురించిన విశ్లేషణ ఇక్కడ ఉపకరిస్తుంది. నాజీల నేరాల తర్వాత జర్మన్లందరూ దోషులా అన్న ప్రశ్నకు ఆయన దోషాన్ని నాలుగు తీరులుగా విడదీసి జవాబిచ్చారు. చట్టాన్ని ఉల్లంఘించినవారిది నేరదోషం, దానిని న్యాయస్థానం తేల్చాలి. తమ పేరున పాలించిన ప్రభుత్వం చేసిన పనులకు పౌరులందరిదీ రాజకీయ బాధ్యత. ఎవరి మనస్సాక్షికి వారు జవాబు చెప్పుకోవలసినది నైతిక దోషం. మనిషి మీద అఘాయిత్యం జరుగుతుండగా ఊరకున్నందుకు మనిషిగా కలిగే దోషం నాలుగోది. ఈ విభజనలోని విలువ ఏమిటంటే, ఒక జాతిని గాని కులాన్ని గాని మొత్తంగా దోషిగా నిలబెట్టడాన్ని ఇది అడ్డుకుంటుంది, అదే సమయంలో నేరం చేయనివారిని బాధ్యత నుంచి పూర్తిగా విడిచిపెట్టదు. అమలాపురంలో నిప్పు పెట్టినవారి కులాన్ని దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆ కులాల్లో ఆ పనికి సిగ్గుపడినవారు, తలుపులు తెరిచి పొరుగువారికి ఆశ్రయం ఇవ్వగలిగే స్వభావం ఉన్నవారు తప్పకుండా ఉంటారు. నిప్పు పెట్టనివారు సైతం, ఆ సాయంత్రం తమ వీధిలో వినిపించిన మాటలను సహించి ఊరకున్నందుకు, తమ సంఘాల వేదికల మీద ఆ దహనాన్ని ఖండించనందుకు జవాబు చెప్పుకోవలసి ఉంది.

న్యాయస్థానం చేయవలసిన పని మాత్రం జరగలేదు. ఘటన జరిగిన రాత్రి నుంచే పాలకపక్షం ప్రతిపక్షాలను, ప్రతిపక్షాలు పాలకపక్షాన్ని కుట్రదారులుగా చూపించాయి. 2023లో అప్పటి ముఖ్యమంత్రి ప్రాంతపు వివిధ వర్గాల నాయకులను సమావేశపరచి, సామరస్యం కోసం కేసులు ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. 2016 జనవరి 31న కాపు రిజర్వేషన్ల ఉద్యమంలో తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడిన కేసును కూడా 2023 మేలో విజయవాడ రైల్వే న్యాయస్థానం కొట్టివేసింది. ఆ ఉద్యమపు కోరిక సమంజసమైనదా కాదా అన్నది వేరే చర్చ, దాని కోసం ప్రభుత్వం మంజునాథ కమిషన్ వేసింది, 2017 డిసెంబరులో శాసనసభ అయిదు శాతం బిల్లు ఆమోదించింది. రైలు ఎవరు తగలబెట్టారన్నది మాత్రం తేలలేదు. కేసుల ఉపసంహరణ శాంతి తెస్తుందన్న వాదం చాలామందికి నచ్చుతుంది. నిజానికి అది నష్టం చేసేది అన్ని పక్షాలకూ. నిప్పు పెట్టినవాడికి శిక్ష తప్పుతుంది, నిప్పు పెట్టకుండానే కేసులో ఇరుక్కున్న కుర్రవాడికి నిర్దోషిగా తేలే అవకాశం తప్పుతుంది, ఇల్లు కాలిన కుటుంబానికీ తల పగిలిన కానిస్టేబులుకూ తమకు జరిగినది నేరమన్న అధికారిక గుర్తింపు తప్పుతుంది. నేరదోషం వ్యక్తుల మీద తేలకపోతే అది కులం మీద మిగిలిపోతుంది. అప్పుడు ఒక కులం మొత్తం నిందను మోస్తుంది, మరో కులం మొత్తం భయాన్ని మోస్తుంది.

చుండూరు దీనికి మరింత బాధాకరమైన ఉదాహరణ. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన తర్వాత పుట్టిన ఉద్యమం 1989 నాటి షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి ఒక ప్రేరణ. ఆ చట్టం వచ్చాక 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. బాధితుల పట్టుదల వల్ల ఆ ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పడి, 2007లో ఇరవై ఒక్కమందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి అందరినీ విడిచిపెట్టింది. ఎనిమిదిమంది చనిపోయారన్నది నిజం, వారిని చంపినవారెవరూ ఆ తీర్పు దృష్టిలో లేరు. ఇటువంటి తీర్పుల తరవాత కూడా ఆ చట్టం దుర్వినియోగమవుతోందన్న ఫిర్యాదే గట్టిగా వినిపించడం గమనించదగ్గది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును ఆలకించి ముందస్తు విచారణ వంటి షరతులు పెట్టగా, అదే ఏడు పార్లమెంటు సవరణ చేసి వాటిని తొలగించింది. తప్పుడు కేసు ఏ చట్టం కిందనైనా పెట్టవచ్చు, పెట్టినవారిని శిక్షించాలి. ఒక చట్టం కింద పెట్టిన తప్పుడు కేసులను చూపి ఆ చట్టం రక్షించే ప్రజలందరినీ అబద్ధాలకోరులుగా చిత్రించడం మాత్రం వివక్షే.

బాధితత్వం కులానికి శాశ్వత ఆస్తి కాదన్న మాట దళిత ఉద్యమం కూడా ఆలోచించవలసిన మాట. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా, షెడ్యూల్డు కులాల రిజర్వేషన్లలో తమ వాటా తమకు అందడం లేదని అడిగినప్పుడు, అది ఐక్యతను చీల్చే కోరిక అని చాలామంది దళిత నాయకులే నిందించారు. 2004లో సుప్రీంకోర్టు ఆ రిజర్వేషన్ల వర్గీకరణ చెల్లదని, 2024 ఆగస్టు 1న అదే న్యాయస్థానంలోని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చేయవచ్చునని చెప్పాయి. మూడు దశాబ్దాల ఆ పోరాటం, అణగారినవారిలో మరింత అణగారినవారు ఉంటారని, పై అంతస్తు మీద మోపిన న్యాయసూత్రాన్నే తన కింది అంతస్తుకూ వర్తింపజేయడం ఉద్యమానికి పరీక్ష అని నేర్పింది. కోనసీమ పేటల్లో గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఆడమనిషి మాటకు ఆమె సొంత సంఘ సమావేశంలో ఎంత విలువ ఇస్తున్నారన్నది కూడా ఇటువంటి పరీక్షే.

కులంతో నిమిత్తం లేని హాని కూడా ఈ నేలకు తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి పేలి రెండు నెలలకు పైగా మండినప్పుడు, 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఇరవైమందికి పైగా చనిపోయినప్పుడు, మంట ఎవరి గడపనూ కులం అడగలేదు. ఆ మరణాలకు బాధ్యులెవరో అడగడానికి, పైపులైన్ల భద్రత గురించి నిలదీయడానికి అన్ని కులాలవారూ కలిసి కదలవలసిన అవసరం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. తమ బాధలన్నింటికీ పొరుగు కులమే కారణమని నమ్మే సమాజానికి అటువంటి కదలిక చేతకాదు. ప్రజలు ఒకరినొకరు నిందించుకుంటున్నంతకాలం చమురు సంస్థలకూ ప్రభుత్వాలకూ జవాబు చెప్పవలసిన పని ఉండదు.

జిల్లా పేరు గురించిన వివాదం చట్టప్రకారం ముగిసింది, ఆ పేరు ఉంటుంది, ఉండాలి. ముగియనిది 2022 మే 24 గురించిన విచారణ. ఆ రోజు ఎవరు ఏ పని చేశారు, ఎవరు పురికొల్పారు, పోలీసు యంత్రాంగం ముందే ఎందుకు మేల్కొనలేదు అన్న విషయాలను సాక్ష్యాలతో తేల్చి, తెలుగులో అచ్చువేసి, జిల్లాలోని ప్రతి గ్రంథాలయంలో అందుబాటులో ఉంచే సమగ్ర నివేదిక ప్రభుత్వం నుంచి కావాలి. అందులో శిక్ష పడవలసినవారి పేర్లతో పాటు, అన్యాయంగా నిందపడినవారి నిర్దోషిత్వం కూడా నమోదు కావాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేటల న్యాయవాదులు, ఉపాధ్యాయులు, రైతు సంఘాలు, దళిత సంఘాలు, కుల సంఘాలు కలిసి ఆ నివేదికను కోరాలి. ఆ విజ్ఞాపన మీద మొదటి సంతకాలు, జిల్లా పేరును శాంతియుతంగా వ్యతిరేకించిన పెద్దలవి కావాలని ఈ ఉపన్యాసం కోరుతోంది.